చీనా పింగాణిపాత్రలపై రాజ్యకాల ముద్రలు - వాని ప్రామాణ్యము

తేదీ గల వస్తువు దొరకుటకంటె చరిత్రకారునకు వేఱొక భాగ్యము లేదని సామాన్యముగ తలచుచుందురు. శాసనమున శకవర్షము గాని, తాళపత్రప్రతి తుదను లేఖకుని సమాప్తివాక్యము గాని కనబడినంతనే కాలనిర్ణయభారము తీరినదని మనము ఊరట చెందుదుము. కాని వస్తువుపై నున్న తేదీ ఆ వస్తువు పుట్టిన తేదీయే కావలెనను నియమ మున్నదా? ఈ ప్రశ్నను పరీక్షించుటకు చీనా పింగాణిపాత్రలు చక్కని ఆధారములు. వాని యడుగుభాగమున కనబడు ముద్రల నెంతవఱకు విశ్వసింపవచ్చునో ఈ వ్యాసమున సంగ్రహముగ విచారింతుము.

మింగు (1368-1644), చింగు (1644-1912) వంశముల కాలమున జియాంగ్‌షీ రాష్ట్రమందలి జింగ్‌దెజెన్ పట్టణము పింగాణి పరిశ్రమకు పట్టుగొమ్మ. అచట రాజాస్థానమునకై కాల్చిన పాత్రలపై సాధారణముగ ఆఱు లిపిచిహ్నములు గల ముద్ర యుండును. దానిని పైనుండి క్రిందికి, కుడినుండి యెడమకు చదువవలెను. మొదటి రెండు చిహ్నములు వంశమును, తరువాతి రెండు పరిపాలనా నామమును, చివరి రెండు 'సంవత్సరములలో చేయబడినది' అను నర్థమును తెల్పును. 'దా మింగ్ షువాన్‌దే నియన్ జి' అనగా మహామింగు వంశమున షువాన్‌దే సంవత్సరములలో చేయబడినదని భావము. వంశనామమును విడిచి నాలుగు చిహ్నములతో ముగించుటయు కలదు. మింగు కాలమున సాధారణలిపియే విశేషముగ వాడుకలో నుండగా, 18వ శతాబ్దిలో యుంగ్‌జెంగ్, చియన్‌లుంగ్ చక్రవర్తుల నాట ప్రాచీనమైన రాజముద్రాలిపి ప్రబలినది.

ఇట్టి ముద్ర పరిపాలనను చెప్పునే గాని యేటిని చెప్పదు. కాంగ్‌షీ ముద్ర నిజమైనదే యైనను 1662 మొదలు 1722 వఱకు గల దీర్ఘకాలములో ఆ పాత్ర యే యేటిదో తేలదు. కొన్ని పాత్రలపై పరిపాలనా నామమునకు బదులుగ అఱువదేండ్ల చక్రమునందలి సంవత్సరనామము మాత్రమే యుండును. పది చిహ్నముల వరుసను, పండ్రెండు చిహ్నముల వరుసను జతపఱచి చీనీయులు ఈ చక్రమును కల్పించుకొనిరి. ప్రభవాది సంవత్సరముల నెఱిగిన మనకు ఇందలి చిక్కు క్రొత్త కాదు. శకవర్షము లేని శాసనమున 'విరోధి సంవత్సర' మని మాత్రమే యున్నచో మన మెట్లు తడబడుదుమో, అచటి పరిశోధకులును అట్లే తడబడుదురు.

వీని కంటె పెద్ద చిక్కు పూర్వరాజుల ముద్రలను తరువాతివారు వ్రాయుట. చెంగ్‌హువా (1465-1487) నాటి ముద్ర కాంగ్‌షీ కాలపు పాత్రలపై తఱచుగ కనబడును. కాంగ్‌షీ ముద్రయు గ్వాంగ్‌షూ (1875-1908) కాలమున అట్లే వాడబడినది. దీని నంతటిని మోసమని త్రోసివేయుట తగదు. పూర్వుల పనితనముపై గౌరవము, ఆ మేలిమికి తామును వారసులమను అభిమానము కొంతవఱకు ఇందులకు కారణములు. మాతృకలోని సమాప్తివాక్యమును తేదీతో సహా ఎత్తి వ్రాసికొన్న లేఖకుడు మన తాళపత్రములలోను కలడు. అతడు మోసగాడు కాడు. కాని అతని మాటను నమ్మి ప్రతికి కాలము కట్టినవాడు మాత్రము మోసపోవును. 1677లో జింగ్‌దెజెన్ అధికారి పాత్రలపై చక్రవర్తి నామమును వ్రాయరాదని నిషేధించెను. పాత్ర పగిలి ఆ నామము చెత్తలో పడుట అపచారమని ఆయన భావము. అందుచే ఆ కాలపు పాత్రలు కొన్నిట జంటవలయములు మాత్రమే యుండి నడుమ శూన్యముగ నుండును. కొన్నిట ఆకు మున్నగు గుర్తులుండును.

కావున ముద్రవలన సిద్ధించునది పూర్వావధి మాత్రమే. చెంగ్‌హువా ముద్ర గల పాత్ర 1465కు ముందుది కానేరదు. తరువాత నెప్పటిదైనను కావచ్చును. మిగిలిన నిర్ణయమునకు ద్రవ్యమునే యడుగవలెను. 15వ శతాబ్ది ప్రారంభమున విదేశములనుండి తెచ్చిన కోబాల్టులో ఇనుము హెచ్చుగ నుండుటచే నీలిరేఖలందు అచ్చటచ్చట నల్లని చుక్కలు సహజముగ నేర్పడినవి. 18వ శతాబ్ది చిత్రకారులు ఆ చుక్కలను కుంచెతో బుద్ధిపూర్వకముగ పెట్టిరి. మొదటివి రేఖలో కలిసిపోయి యుండును. రెండవవి క్రమముగ పేర్చినట్లుండును. బంగారమునుండి తీసిన గులాబివన్నె 1720 ప్రాంతముననే చీనాలో వ్యాప్తికి వచ్చినది. ఆ వన్నె గల పాత్రపై మింగు ముద్ర యున్నచో ఆ ముద్ర ఆరోపితమే. అట్లే అమెరికా సంయుక్తరాష్ట్రముల 1890 నాటి సుంకశాసనము దిగుమతి వస్తువులపై దేశనామ ముండవలెనని విధించినది. కావున ఆంగ్లలిపిలో 'చైనా' అని ముద్రించిన పాత్రలు సాధారణముగ 1891కి తరువాతివి.

బాహ్యసాక్ష్యములును కలవు. పారసీక ప్రభువు షా అబ్బాసు 1611లో అర్దబీల్ పుణ్యస్థలమునకు 1,162 పింగాణిపాత్రల నొసగెను. అవి యన్నియు ఆ యేటికి ముందువే. 1752లో మునిగిన గెల్డర్‌మాల్సెన్ అను డచ్చి ఓడనుండి వెలికి తీసిన పాత్రలకును అట్లే ఉత్తరావధి స్థిరపడినది. ముద్ర పూర్వావధిని, ఇట్టి సాక్ష్యములు ఉత్తరావధిని చూపగా, వస్తుపరీక్ష ఆ నడిమి యెడమును కుదించుచున్నది.

అట్లని ముద్రలను, లేఖములను సంశయించుటయే పాండిత్యమని తలపరాదు. నేడు బ్రిటిషు మ్యూజియమున నున్న డేవిడ్ కలశముల జంట దీనికి నిదర్శనము. జాంగ్ వెన్‌జిన్ అను భక్తుడు యువాన్ వంశపు కాలమున, అనగా 1351లో, వీనిని దేవాలయమునకు సమర్పించినట్లు వాని కంఠములపై లేఖము కలదు. 1929లో హాబ్సన్ దీనిని ప్రకటించెను. కాని ప్రౌఢమైన నీలిచిత్రణ మింగు కాలముననే ఆరంభమైనదను తలంపు అప్పటికి బలముగ నుండుటచే, ఈ సాక్ష్యమునకు తగిన విలువ వెంటనే లభింపలేదు. 1952లో జాన్ అలెగ్జాండర్ పోప్ ఇస్తాంబులునందలి తోప్‌కాపి సేకరణలోని పాత్రలను ఈ కలశములతో సరిపోల్చి, 14వ శతాబ్దికి చెందిన పాత్రల నొక వర్గముగ ఏర్పఱచెను. తప్పుముద్రను నమ్ముటవలన ఒక పాత్ర కాలము చెడును. నిజమైన లేఖమును ఉపేక్షించుటవలన ఒక యుగమే చరిత్రనుండి జాఱిపోవును.

ఈ విచారము మనకు దూరమైనది కాదు. ఆంధ్రతీరమున మోటుపల్లి, కొత్తపట్నములందు చీనా పాత్రల పెంకులు దొరకినవి. ముక్కలైన పెంకులపై ముద్ర లుండుట అరుదు. మన్ను, మెఱుగు, పాదము, వన్నె - ఇవియే అచట లేఖములు. వానిని సరిగ చదువనిచో మన సముద్రవ్యాపార చరిత్రలో నూఱేండ్ల పొరపాటు దొర్లవచ్చును. హైదరాబాదునందలి సాలార్‌జంగు ప్రదర్శనశాలలో చీనా పాత్రలు కలవు. పరిశోధక విద్యార్థులు వానిని ముందుగ పై వైపున చూచి, ఆకారమును వన్నెను తెలిసికొని, ఒక నిర్ణయమునకు వచ్చిన పిదపనే అడుగు ముద్రను గూర్చి విచారించుట మేలని మా సూచన. ముద్ర సాక్షి మాత్రమే. తీర్పు చెప్పవలసినవాడు పరిశోధకుడు.