30 డాలర్ల అడవి

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళని ఎవరినైనా ఒలింపిక్ నేషనల్ పార్కు చూశారా అని అడగండి. చూశామనే అంటారు. ఏం చూశారంటే మాత్రం హరికేన్ రిడ్జ్ మీద తీసుకున్న ఫొటోలు చూపిస్తారు. పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనానికి రెడ్మండ్ లో ఇంటికొచ్చి పడొచ్చు కదా, అందుకని. అసలు సరుకంతా కొండకి అవతల, పడమటి వైపు ఉంది. అక్కడ హో వాన అడవి, అది దాటి ఇంకా ముందుకెళ్తే పసిఫిక్ తీరం. పోయిన సెప్టెంబర్ లో మేం నలుగురం రెండు రాత్రులకి అటు పోయాం.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. ఫెర్రీ ఎక్కితే కారుకి రెండు వైపులా టిక్కెట్టు కొనాలి. టకోమా నారోస్ బ్రిడ్జి మీద పడమటికి పోయేటప్పుడు టోల్ లేదు, వచ్చేటప్పుడే ఉంది. కాబట్టి టకోమా మీదుగా వెళ్ళి పోర్ట్ ఏంజెలెస్, ఫోర్క్స్, క్లేలాక్ అన్నీ చుట్టేసి అబెర్డీన్, ఒలింపియా దారిలో తిరిగొచ్చాం. బ్రిడ్జికి పైసా కట్టలేదు :-) పార్కు ప్రవేశం కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అంటే తలకి ఏడున్నర. పడక డేరాల్లో, తిండి కూలర్ నిండా పులిహోర, చపాతీలు, ఆవకాయ. తిండి మాత్రం రాత్రిపూట కారులో పెట్టి తాళం వెయ్యాలి, రకూన్లు చాలా తెలివైనవి.

సరే, అసలు విషయానికొస్తాను. ఈ పార్కు మ్యాపు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మధ్యలో కొండలతో కలిపి ఒక పెద్ద ముద్ద. దానికి సంబంధం లేకుండా సముద్రం అంచున సన్నటి నాడాలాగా ఒక ముక్క. రెండింటి మధ్యా ఏముందో 101 రోడ్డు మీద పోతుంటే తెలుస్తుంది: నరికేసిన చెట్ల మోళ్ళు, వాటి మధ్య మళ్ళీ నాటిన ఒకే ఎత్తు చెట్లు. ఎవరో తెలివిగా గీసిన గీత కాదది. యాభై ఏళ్ళ కొట్లాటలో ఎక్కడికక్కడ ఆగిపోయిన గీత.

1909 మార్చి 2న, పదవి దిగటానికి సరిగ్గా రెండు రోజుల ముందు, థియోడర్ రూజ్వెల్ట్ ఇక్కడ ఆరు లక్షల పైచిలుకు ఎకరాల్ని నేషనల్ మాన్యుమెంట్ గా ప్రకటించాడు. చెట్ల కోసం కాదు, ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం. ఆ రోజుల్లో ఎల్క్స్ అనే సంఘం సభ్యులు వాచీ గొలుసుకి ఎల్క్ పన్ను వేలాడేసుకునేవాళ్ళు. ఆ పళ్ళ కోసం జంతువుని చంపి మిగతాదంతా అక్కడే వదిలేసి పోయేవాళ్ళు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1915లో, అధ్యక్షుడు విల్సన్ ఆ మాన్యుమెంట్ ని దాదాపు సగానికి కోసేశాడు. కోత పడింది ఎక్కువగా మంచి కలప ఉన్న చోటే అని వేరే చెప్పాలా?

ఆ తర్వాత వచ్చిన రైలు కథ నాకు భలే నచ్చింది. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అప్పటి విమానాల చట్రాలు చెక్కతో చేసేవాళ్ళు. తేలిగ్గా ఉంటూ గట్టిగా ఉండే చెక్క అంటే సిట్కా స్ప్రూస్. అది దండిగా ఉన్నది ఈ తీరంలో. సైన్యం స్ప్రూస్ ప్రొడక్షన్ డివిజన్ అని ఒకటి పెట్టి దాదాపు 30 వేలమంది సైనికుల్ని వాషింగ్టన్, ఆరెగాన్ అడవుల్లోకి దించింది. లేక్ క్రెసెంట్ ఒడ్డున కొండని తొలిచి, సొరంగాలు తవ్వి 36 మైళ్ళ రైలు మార్గం వేశారు. యుద్ధం ఆగింది 1918 నవంబర్ 11న. రైలు మార్గం పూర్తయింది నవంబర్ 30న. ఒక్క దుంగ కూడా యుద్ధానికి పోలేదు. రాత్రింబవళ్ళు పనిచేసి డెలివరీ ఇచ్చేసరికి ప్రాజెక్టే ఎత్తేశారన్న మాట, మనకి కొత్తేం కాదు. ఇప్పుడది చదునైన నడక దారి, సొరంగంలోంచి నడిచి పోవచ్చు.

పార్కు కోసం అసలు పోరాటం మొదలైంది మాత్రం ఇక్కడ కాదు, దేశానికి అవతలి ఒడ్డున న్యూయార్క్ లో. రోజాలీ ఎడ్జ్ అనే ఆవిడ నడిపిన చిన్న కమిటీ 1934లో ఒక కరపత్రం వేసింది. రాసింది విలార్డ్ వాన్ నేమ్ అనే మ్యూజియం శాస్త్రవేత్త. మంచు కొండల్ని కాపాడతాం అంటే ఎవరికీ అభ్యంతరం లేదు, అక్కడ కొట్టుకోవటానికి చెట్లుంటే కదా! వీళ్ళ పట్టు అంతా లోయల్లో ఉన్న పెద్ద చెట్లు పార్కులో ఉండాలని. ఫారెస్ట్ సర్వీసు, కలప కంపెనీలు ససేమిరా అన్నాయి. 1937 సెప్టెంబర్ చివర్లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ స్వయంగా వచ్చి లేక్ క్రెసెంట్ దగ్గర రాత్రి బస చేసి, మర్నాడు ఇదే 101 మీద కారులో తిరిగాడు. నరికేసిన నేల తమది కాదనిపించేలా ఫారెస్ట్ సర్వీసు వాళ్ళు హద్దు బోర్డుని ముందే జరిపేశారని ఒక కథ చెప్తారు. 1938 జూన్ 29న పార్కు చట్టం మీద సంతకం అయింది. 1940లో ఇంకో లక్షా ఎనభై వేల ఎకరాల పైన కలిపాడు. సముద్రం అంచు నాడా చేరింది 1953 జనవరిలో, ట్రూమన్ దిగిపోయే రెండు వారాల ముందు. గమనించారా, మళ్ళీ ఓట్లడగక్కర్లేని వాళ్ళకే ఇలాంటి ధైర్యం వస్తుంది.

అక్కడితో అయిపోలేదు. 1950లలో పడిపోయిన చెట్లు తీస్తున్నామన్న పేరుతో పార్కు లోపలే బోలెడంత కలప కొట్టించారు. తీరం వెంబడి రోడ్డు వెయ్యాలన్న ఆలోచన కూడా అప్పుడే బలపడింది. దానికి వ్యతిరేకంగా 1958లో సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్, వెనక ఓ డెబ్భై మందితో, కేప్ అలావా నుంచి రియాల్టో బీచ్ దాకా మూడు రోజులు ఇసకలో, రాళ్ళమీద నడిచాడు. పదవిలో ఉన్న జడ్జి! రోడ్డు పడలేదు.

హో అడవిలో ఏడాదికి సుమారు 350 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన హైదరాబాదులో 80. పడిపోయిన మాను మీద కొత్త మొక్కలు మొలిచి, ఆ మాను కుళ్ళిపోయాక కూడా వరసగా గీత గీసినట్టు నిలబడి ఉంటాయి. అక్కడ నిలబడి మా వాడొకడు 'మనిషి కాలు పెట్టని అడవి' అన్నాడు. నాకు ఒళ్ళు మండేది ఈ మాటకే. 1970లో ఒక తుఫాను ఓజెట్ దగ్గర గట్టుని కోసేస్తే, కొన్ని వందల ఏళ్ళ క్రితం బురద కింద పడిపోయిన మకా తెగ వాళ్ళ ఇళ్ళు బయటపడ్డాయి. పదకొండేళ్ళు తవ్వారు, 55 వేలకి పైగా వస్తువులు దొరికాయి. బురద వచ్చి ఊరిని కప్పేసిందని ఆ తెగ పెద్దలు ఎప్పణ్ణుంచో చెప్తూనే ఉన్నారు, వినేవాళ్ళేరీ? ఆ వస్తువులు ఇప్పుడు నియా బే లో మకా వాళ్ళ సొంత మ్యూజియంలో ఉన్నాయి, 1979లో తెరిచారు.

లా పుష్ లోని క్విల్యూట్ వాళ్ళది ఇంకా అన్యాయం. 1889లో జనం హాప్స్ కోతకి కూలికెళ్తే, వెనకాల ఒక వలసదారు ఊరు తగలబెట్టేశాడు. చివరికి రిజర్వేషన్ అని దక్కింది ఓ చదరపు మైలు, అదీ సునామీ వస్తే మునిగే చోటు. వెనకున్న ఎత్తు నేలంతా పార్కుది. కలప కంపెనీలని ఆపిన గీతే వీళ్ళనీ ఆపింది. పార్కు భూమి ముట్టుకోకూడదనే వాదన నాకు మామూలుగా ఇష్టమే కానీ, ఇక్కడ అది చెల్లదు. 2012 ఫిబ్రవరిలో ఒబామా సంతకంతో 785 ఎకరాలు పార్కు నుంచి తెగకి వెళ్ళాయి. బదులుగా సెకండ్ బీచ్ కి జనం నడిచే దారి శాశ్వతంగా ఖాయమైంది. ఎత్తు మీద కట్టిన కొత్త బడి 2022లో తెరిచారు.

ఇక ఫోర్క్స్. 1990లో మచ్చల గుడ్లగూబని కాపాడాలన్న నిర్ణయం వచ్చాక మిల్లులు మూతబడి, పార్కన్నా పర్యావరణమన్నా మండిపడ్డ ఊరు. 2005లో వచ్చిన ట్వైలైట్ నవల పుణ్యమా అని రక్తపిశాచుల పేరు చెప్పుకుని బతికింది. 2024 డిసెంబర్ లో వరదకి హో రోడ్డు కొట్టుకుపోతే, చుట్టుపక్కల వ్యాపారాలన్నీ గోల పెట్టాయి. రాష్ట్ర నిధులకి చందాలు తోడై 2025 మేలో రోడ్డు మళ్ళీ తెరుచుకుంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: సెకండ్ బీచ్ కి పోటు వేళలు చూసుకుని దిగండి. కారు పెట్టే చోటు క్విల్యూట్ వాళ్ళది, చెత్త అక్కడ పడెయ్యకండి.