గంగాధరలో పూర్తయిన యశస్తిలకం

కరీంనగర్ జిల్లాలో నేడు మండల కేంద్రంగా ఉన్న గంగాధర, క్రీ.శ. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్య వంశీయుడు వాగరాజు ఏలుబడిలో ఉండేదనీ, సంస్కృత చంపువుల్లో మేటిదైన 'యశస్తిలకం' అక్కడే పూర్తయిందనీ ఆ కావ్యం చివర కవే చెప్పుకున్నాడు. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణాది రాజులను జయించి మేల్పాడిలో విడిది చేసి ఉండగా, శకవర్షం 881 (క్రీ.శ. 959) సిద్ధార్థి సంవత్సర చైత్ర త్రయోదశి నాడు జైనాచార్యుడు సోమదేవసూరి గ్రంథం ముగించాడు. ప్రాచీన కవుల కాలనిర్ణయమే పెద్ద వివాదంగా ఉండే మన సాహిత్య చరిత్రలో తిథితో సహా ఊరు పేరు దక్కడం అరుదైన భాగ్యం.

చంపువంటే గద్యపద్యాలు కలిసి నడిచే కావ్యం. 6వ శతాబ్దపు లాటిన్ పండితుడు బొయీథియస్ చెరసాలలో రాసిన తత్త్వగ్రంథమూ ఇదే పద్ధతిలో సాగుతుంది. యశస్తిలకంలోని 8 ఆశ్వాసాల్లో, అంటే అధ్యాయాల్లో, చివరి మూడూ గృహస్థులకు జైన ధర్మం బోధిస్తాయి. అంతకుముందున్న కథలో ఉజ్జయిని రాజు యశోధరుడు జంతుబలికి ఒప్పుకోక, తల్లి మాట తీసివేయలేక, పిండితో చేసిన కోడిపుంజును దేవికి బలి ఇస్తాడు. ప్రాణం లేని బొమ్మే అయినా చంపాలన్న సంకల్పం ఉంది కనుక, రాణి పెట్టిన విషంతో మరణించిన తల్లీకొడుకులు కుక్కగా, నెమలిగా మొదలుపెట్టి ఎన్నో జన్మలెత్తవలసి వస్తుంది. హింస చేతిలో కాదు, మనసులోనే మొదలవుతుందన్న సూక్ష్మ విషయాన్ని ఇంత పట్టుగా చెప్పిన కథలు తక్కువ.

అహింసను ఇంతగా పట్టించుకున్న పండితుడే, కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని ఔపోసన పట్టి, 32 సముద్దేశాల, అంటే ప్రకరణాల, 'నీతివాక్యామృతం' అనే రాజనీతి గ్రంథాన్నీ రచించాడు. చిన్న చిన్న వాక్యాలుగా సాగే దాని తొలి సూత్రంలోనే ధర్మార్థకామాలకు ఆధారమైన రాజ్యానికి నమస్కరించాడు.

ఈ నేలపై అప్పటికే జైనం వేళ్లూనింది. గంగాధరకు చేరువలోని కురిక్యాల బొమ్మలగుట్టపై కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతో పాటు తెలుగు కందపద్యాలూ ఉన్నాయి. క్రీ.శ. 966 నాటి పర్భణీ తామ్రశాసనం ప్రకారం వేములవాడ చాళుక్య రాజు మూడవ అరికేసరి, తన తండ్రి బద్దెగుడు లేంబులపాటకంలో, అంటే వేములవాడలో, కట్టించిన శుభధామ జినాలయం కోసం సోమదేవునికి ఒక గ్రామాన్ని దానం చేశాడు. ఆ రాగిరేకులు ఆయన రచనగా పేర్కొన్న 'స్యాద్వాదోపనిషత్తు', ఆయనే చెప్పుకున్న 'షణ్ణవతి ప్రకరణం' నేడు పేర్లుగానే మిగిలాయి.