బేగంపేట విమానాశ్రయము

హైదరాబాదు ఏరోక్లబ్బు స్థాపనముతో 1930వ దశకమున నిజాము రాజ్యమునందు అంకురించిన వైమానిక కుతూహలము, 1937లో నగరోపాంతమగు బేగంపేటయందు యాత్రికభవన నిర్మాణముతో స్థిరరూపము దాల్చెను. 1945లో ప్రభుత్వము టాటా సంస్థ భాగస్వామ్యముతో దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పగా, ఈ మైదానమే దానికి కేంద్రమయ్యెను. స్వదేశ సంస్థానములలో ఇట్టి సాహసము పూనినవి మిక్కిలి అరుదు. 1953లో జాతీయీకరణమువలన ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను.

అయినను ఈ స్థలమునకు చిరకీర్తి తెచ్చినది వాణిజ్యము కాదు. హైదరాబాదు సంస్థానమును భారతదేశమున విలీనము గావించిన పోలీసు చర్య ముగిసిన కొలది మాసములకు, 1949 ఫిబ్రవరిలో, అంతవరకు ఎవ్వరికిని ఎదురేగి ఎరుగడని ప్రతీతిగాంచిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్, విమానము దిగిన సర్దార్ పటేలునకు చేతులు జోడించి స్వాగతము పలికినది ఇచ్చటనే. ఒక యుగము ముగిసెనని చాటుటకు ఆ ఘట్టపు ఛాయాచిత్రమునకు మించిన శాసనము వేరొకటి అక్కరలేదు.

1972లో దక్షిణభాగమున నూతన భవనము వెలయగా, ఉత్తరదిశనున్న మొదటి కట్టడము ‘పాత ఎయిర్‌పోర్టు’ అను వ్యవహారనామమునకు పరిమితమయ్యెను. నగరము నలువైపుల క్రమ్ముకొనుటచే విస్తరణకు తావులేకపోయెను. 2008 మార్చి 23న ప్రయాణికుల రాకపోకలు శంషాబాదునందలి నూతన విమానాశ్రయమునకు తరలిపోయెను.