సంతకం రాజుది, మాట మంత్రిది

రెడ్‌మండ్ నుంచి రాస్తున్నాం. ఇది అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఊరు. మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇక్కడే ఉండటంతో మన తెలుగువాళ్ళు చాలామందే చేరారు. ఈ ఊరి మేయర్‌ను జనమే ఎన్నుకుంటారు. రాష్ట్ర గవర్నర్‌ను కూడా నాలుగేళ్ళకోసారి ఓట్లతోనే ఎన్నుకుంటారు. అందుకే ఇక్కడి గవర్నర్ పన్నుల గురించి, బడుల గురించి తన అభిప్రాయం బాహాటంగా చెబుతారు. నచ్చకపోతే జనం దించేస్తారు.

మన దేశంలో గవర్నర్‌ను ఎవరూ ఓటేసి గెలిపించరు. రాష్ట్రపతి నియమిస్తారు. పేరు ఒకటే గానీ పని వేరు. మరి జనం ఓటు లేకుండా పీఠం మీద కూర్చున్నవారు, రాజు కానివ్వండి, గవర్నర్ కానివ్వండి, రాజకీయాలు మాట్లాడవచ్చా? క్యాంపు గదుల్లో వార్తలు చూస్తూ మీరు వాదించుకునే ప్రశ్నే ఇది. దీనికి జవాబు వెతకాలంటే లండన్ దాకా వెళ్ళనక్కర్లేదు. హైదరాబాదు చాలు.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో నిజాం గద్దె ఎక్కారు. అప్పట్లో ఆయన మాటే చట్టం. ఊళ్ళో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి ఉండాలి. 1938లో పుట్టిన స్టేట్ కాంగ్రెస్‌ను ఆయన ప్రభుత్వం నిషేధించింది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో ఆ రాచరికపు పాలన ముగిసింది. కానీ ఆయన గద్దె పూర్తిగా పోలేదు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఆయన హైదరాబాదు రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్ అయ్యారు. అంటే నేటి గవర్నర్ లాంటి పదవి. నిన్నటి దాకా హుకుం జారీ చేసిన మనిషి ఇకపై మంత్రుల సలహా ప్రకారం సంతకం పెట్టాలి.

1952లో తొలి ఎన్నికలు జరిగాయి. నిజాం మీద పోరాడిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి పార్లమెంటుకు గెలిచారు. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయని నేటికీ చెప్పుకుంటాం. ఆ మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఏ పార్టీని నిజాం సర్కారు నిషేధించిందో ఆ పార్టీ మంత్రివర్గమే రాజ్‌ప్రముఖ్ నిజాంకు సలహా చెప్పే స్థితి వచ్చింది. ఆయన మనసులో ఏముందో ఆయనకే తెలియాలి. రాజ్యాంగానికి కావలసింది ఆయన మనసు కాదు, సంతకం.

ఆ సంతకాల కాలంలో వచ్చినదే 1950 కౌలుదారీ చట్టం. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన మిత్రులు ఇంట్లో అడిగి చూడండి. తాతల నాటి ట్రంకు పెట్టెలో 38-ఇ సర్టిఫికెట్ ఉందేమో. రక్షిత కౌలుదారుకు భూమి మీద హక్కు ఇచ్చిన ఆ కాగితానికి మూలం ఈ చట్టమే. రాజు ఉపన్యాసం వల్ల ఆ హక్కు రాలేదు. భూమి కోసం రైతులు చేసిన పోరాటం, దాని తర్వాత వచ్చిన చట్టం కలిసి తెచ్చాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో రాజ్‌ప్రముఖ్ పదవి కూడా పోయింది.

"రాజు పేదవాడి తరఫున ఒక మంచి మాట అంటే తప్పేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్రిటన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 1936 నవంబర్‌లో ఎనిమిదో ఎడ్వర్డ్ రాజు సౌత్ వేల్స్ వెళ్ళారు. మూతపడిన ఉక్కు కర్మాగారం, పనిలేని కార్మికులు ఆయన కంటపడ్డారు. వీళ్ళకు పని దొరికేలా ఏదో ఒకటి చేయాలన్నారు. కార్మికులు మురిసిపోయారు, మంత్రులు ఇరుకున పడ్డారు. నెల తిరగకముందే, తన పెళ్ళి వివాదం వల్ల, ఆయన గద్దె దిగిపోయారు. మాట ఇచ్చినవాడు లేడు. ఆ మాట నిలబెట్టే అధికారం ఆయనకు మొదటి నుంచీ లేదు. కార్మికులు ఎవరిని నిలదీయాలి? ఓటు అడగనివాడి మంచిమాటకు జామీను ఉండదు. ఈరోజు మన వైపు మాట్లాడిన నోరు రేపు యజమాని వైపు మాట్లాడినా మనం ఏమీ చేయలేం.

నోటిమాట దాటి సొంత అభిప్రాయాన్నే ఉత్తర్వుగా మారిస్తే ఏమవుతుందో 1984లో చూశాం. ఎన్టీ రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగి వచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన్ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. బలం ఎవరికుందో శాసనసభలో తేల్చకుండా రాజ్‌భవన్‌లోనే తేల్చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు. గవర్నర్ మారారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, రామారావు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ తేలాల్సింది సభలోనేనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

అలాగని పీఠం మీదివారు బొమ్మలా ఉండాలని మేం అనడం లేదు. ఇంగ్లీషు రచయిత వాల్టర్ బేజట్ 1867లోనే రాజుకు మూడు హక్కులు చెప్పాడు: మంత్రులు ఆయన్ను సంప్రదించాలి, ఆయన వాళ్ళను ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. అయితే ఇదంతా తలుపులు మూసుకుని, మంత్రితోనే. బయటికి వచ్చాక మాట్లాడవలసింది మంత్రి. ఎందుకంటే రేపు మన గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించేది ఆయనే.

అసలు మాట ఇదే. ఓటు అడిగేవాడికే రాజకీయం మాట్లాడే హక్కు, ఓటు వేసేవాడికి అతన్ని నిలదీసే హక్కు. మరి మన ఓటు సంగతేమిటి? 2010లో చేసిన సవరణతో, వేరే దేశపు పౌరసత్వం తీసుకోని ప్రవాస భారతీయులు సొంత ఊరి జాబితాలో ఫారం 6ఏ ద్వారా పేరు నమోదు చేసుకోవచ్చు. పోలింగ్ రోజున మాత్రం పాస్‌పోర్టుతో స్వయంగా ఊళ్ళో ఉండాలి. సెలవు, టికెట్టు కుదరడం ఎంత కష్టమో మాకు తెలుసు. అయినా పేరు జాబితాలో ఉండనివ్వండి. మిత్రులారా, రాజులు, గవర్నర్లు మన తరఫున మాట్లాడాలని ఎదురుచూడటం కంటే మన మాట మనమే చెప్పుకోవడం మేలు.