తెల్ల మూస్‌ని చంపితే నేరం కాదు, మరి సొంత అడవిలో వేటాడితే?

ఈ రోజు మన దేశం కాదు, కెనడా ఆదివాసుల ముచ్చట. చదవండి, మనకూ పనికొస్తది.

మూస్ అంటే దుప్పి జాతుల్లో అన్నిటికంటే పెద్దది. ముదురు గోధుమ రంగులో ఉంటది. ఎప్పుడో ఒకటి తెల్లగా పుడతది. ఒంట్లో రంగు పదార్థం అసలే తయారు కాకపోతే దాన్ని ఆల్బినో అంటారు, కళ్లు కూడా ఎర్రగా కనిపిస్తాయి. చాలా తెల్ల మూస్‌లకు కళ్లు నల్లగానే ఉంటాయి, వెంట్రుకలకు మాత్రమే రంగుండదు. ఆల్బినోగా పుట్టాలంటే ఆ లక్షణం తల్లి నుంచీ, తండ్రి నుంచీ రెండు వైపులా రావాలి. అందుకే అంత అరుదు.

నోవా స్కోషియా రాష్ట్రంలో కేప్ బ్రెటన్ అనే దీవి ఉంది. అది మిక్‌మాక్ ఆదివాసుల నేల. వాళ్లు మూస్‌ని వేటాడి తింటారు, కానీ తెల్లదాని జోలికి పోరు. అది పూర్వీకుల ఆత్మ కావచ్చని వాళ్ల నమ్మకం. 2013 అక్టోబర్‌లో బయటి వేటగాళ్లు అక్కడ ఒక తెల్ల మూస్‌ని కాల్చేశారు. ఫొటోలు ఫేస్‌బుక్‌లో తిరిగాయి. వాళ్ల దగ్గర లైసెన్స్ ఉంది, కాబట్టి చట్టం ప్రకారం తప్పేం లేదు.

ఇప్పుడు అదే దీవిలో జరిగిన పాత కేసు చూడండి. 1752లో బ్రిటిష్ వాళ్లు మిక్‌మాక్‌లతో ఒప్పందం రాసుకున్నారు. వేటాడే, చేపలు పట్టే స్వేచ్ఛ మీదే అన్నారు. అయినా 1927లో మిక్‌మాక్‌ల మహా నాయకుడు గాబ్రియెల్ సిల్లిబోయ్ దగ్గర జంతువుల తోళ్లు దొరికాయని కేసు పెట్టారు. ఆయన ఒప్పందం చూపించాడు. 1928లో జడ్జి ఏమన్నాడు? మిక్‌మాక్‌లకు ఒప్పందం చేసుకునేంత స్థాయే లేదని తీర్పిచ్చి శిక్ష ఖాయం చేశాడు. ఆ ఒప్పందం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది 1985లో. సిల్లిబోయ్‌కి ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో. అప్పటికి ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

అంటే నేల సొంతదారు వేటాడితే నేరం, ఆయన మొక్కే జంతువుని బయటోడు చంపితే హక్కు!

అయితే 2013లో మిక్‌మాక్‌లు ఊరుకోలేదు. గట్టిగా మాట్లాడారు. ఆ వేటగాళ్లు దిగొచ్చి చర్మాన్ని ఇచ్చేశారు, దానికి నాలుగు రోజుల క్రతువు చేయాలని పెద్దలు నిర్ణయించారు. కెనడాలోనే ఒంటారియో రాష్ట్రంలో కొన్ని ప్రాంతాల్లో తెల్ల మూస్‌ని వేటాడకూడదని నిబంధనే ఉంది. పెద్దల మాట కాగితం మీదికి ఎక్కొచ్చని దాన్ని చూస్తే తెలుస్తుంది.

మన గోత్రాల్లోనూ చంపకూడని జంతువులు, నరకకూడని చెట్లు ఉన్నాయి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాతల్ని, అవ్వల్ని అడిగి రాసి పెట్టండి. మనం రాయకపోతే, మన గురించి ఆ 1928 జడ్జి లాంటోళ్లే రాస్తారు.