ఉద్దానంలో కొవిడ్ కాలం: కళాశాల విద్యార్థికి దొరకని అత్యవసర సాయం

విపత్తు వచ్చినప్పుడు నష్టాన్ని లెక్కగట్టడానికి ప్రభుత్వం దగ్గర కొన్ని కొలతలుంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస, గోపాలపూర్‌ల మధ్య తీరం దాటి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతాన్ని నేలమట్టం చేసింది. అప్పుడు కొబ్బరికి చెట్టు లెక్కన, జీడికి హెక్టారు లెక్కన పరిహారం కట్టారు. చెట్టుకు 1,500 రూపాయలన్న పరిహారాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వం 3,000 చేసింది. పడవకు ఒక రేటు, వలకు ఒక రేటు, కూలిన ఇంటికి ఇంకో రేటు. పదిహేడు నెలలు తిరిగేసరికి కొవిడ్ వచ్చింది. బియ్యం కార్డుకు 1,000 రూపాయలు ఇచ్చారు. మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేశారు. వేట నిషేధ కాలానికి మత్స్యకార భరోసా కింద 10,000 ఇచ్చారు. చెట్టు, పడవ, కార్డు, ఖాతా అన్నీ లెక్కలోకి వచ్చాయి. టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో డిగ్రీ చదువుతున్న అమ్మాయి మాత్రం ఏ పద్దులోకీ రాలేదు.

ఆమెకు ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదని కాదు. ఇచ్చినవి ఆపద కోసం పుట్టిన పథకాలు కావు. మామూలు రోజులకు కుట్టిన పథకాలనే ఆపదకాలంలోనూ నడిపించారు. వాటి తేదీలనూ షరతులనూ ఉద్దానం కుటుంబాల ఆదాయం పక్కన పెట్టి చూస్తే ఎక్కడ పొసగలేదో తెలుస్తుంది. ఈ వ్యాసంలో నేను చేసిన పని అదే.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఉపకారవేతనం విద్యార్థి స్థితిని చూసి ఇచ్చేది: కులం, నిరుటి ఆదాయం, హాజరు శాతం. అత్యవసర గ్రాంటు స్థితిలో వచ్చిన మార్పును చూసి ఇచ్చేది: నిన్నటిదాకా నడిచిన ఇల్లు ఇవాళ నడవడం లేదు కాబట్టి ఇస్తారు. మొదటిదానికి ధ్రువపత్రాలు, పరిశీలన, గడువు ఉన్నా ఇబ్బంది లేదు. రెండోది రోజుల్లో అందకపోతే దానికి అర్థమే లేదు.

అమెరికాలో 2020 మార్చి 27న వచ్చిన కేర్స్ చట్టం ఈ తేడాను గుర్తించింది. ఉన్నత విద్యకు కేటాయించిన సుమారు 1,400 కోట్ల డాలర్లలో, కళాశాలలకు సూత్రం ప్రకారం పంచిన సొమ్ములో కనీసం సగాన్ని విద్యార్థులకే అత్యవసర సాయంగా ఇవ్వాలని చట్టంలోనే రాశారు. ఆ సగమే 600 కోట్ల డాలర్లు దాటింది. తిండి, అద్దె, పుస్తకాలు, కంప్యూటరు, వైద్యం, చంటిపిల్లల సంరక్షణ వంటి ఖర్చులకు అది ఉద్దేశించింది, తిరిగి కట్టే పని లేదు. అక్కడా అన్యాయం జరిగింది. 2020 జూన్‌లో పెట్టిన నిబంధన వల్ల చదువు వీసా మీద వెళ్ళిన విదేశీ విద్యార్థులకు ఆ డబ్బు అందలేదు. పార్ట్‌టైమ్ పనులు పోయి అద్దె కట్టలేక అవస్థపడిన మన తెలుగు పిల్లలూ వారిలో ఉన్నారు. 2021 మే నెలలో నిబంధన మార్చి విదేశీ విద్యార్థులనూ అర్హుల్లో చేర్చారు. అయినా, విద్యార్థిని విపత్తు బాధితుడిగా ఒక చట్టం పేరుపెట్టి గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు రాలేదు. ఫీజుల చెల్లింపు విషయంలో విద్యార్థుల పట్ల సానుభూతితో ఉండమని యూజీసీ 2020 మే నెలలో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. ఆ లేఖ వెంట పైసా రాలేదు.

రోగం రాకముందే పోయిన రాబడి

2020 ఏప్రిల్ 25 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఒక్క కొవిడ్ కేసూ నమోదు కాలేదు. మొదటి కేసులు పాతపట్నం వైపు బయటపడ్డాయి. రాబడి మాత్రం దేశంతో పాటే మార్చి 25న ఆగిపోయింది. కేసుల సంఖ్యను బట్టి సాయం అంచనా వేసేవారు ఈ నెలరోజుల తేడాను గమనించాలి.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పిల్లల చదువు ఖర్చు ఒకే చోటు నుంచి రాదు. కొంత కొబ్బరి, కొంత జీడి, కొంత కూలి, ఎక్కువ భాగం వలస. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్ళు పడుతుంది. లాక్‌డౌన్ నాటికి దాని వయసు ఏడాదిన్నర. అంటే తోట ఉన్న ఇల్లు కూడా అప్పటికే వలస డబ్బు మీదే బతుకుతోంది.

తీరగ్రామాల మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి వెళతారు. సీజను ఆఖర్లో లెక్క చూసుకుని చేతి నిండా డబ్బుతో రావడం ఆనవాయితీ. 2020లో ఆ లెక్క చూసుకునే వేళకే హార్బర్లు మూతపడ్డాయి. ఉత్తరాంధ్ర మత్స్యకారులు వేలమంది బోట్ల మీదే చిక్కుకుపోయారు. ఏప్రిల్ చివర్లో ప్రభుత్వం బస్సులు ఏర్పాటు చేసి వారిని ఇళ్ళకు చేర్చింది. మనిషికి 2,000 రూపాయలు ఇచ్చింది. ఆ సాయం విలువైనదే. కాని జూన్‌లో కూతురి సెమిస్టరు ఫీజు కట్టాల్సిన తండ్రికి అది ఇంటి బియ్యానికీ పాత బాకీకీ సరిపోయే డబ్బు.

ఇక పలాస–కాశీబుగ్గ జీడి పరిశ్రమ. ఉడికించిన పిక్కను కటింగ్ మిషన్ మీద పగలగొట్టి, పప్పును ఆరబెట్టి, పొట్టు తీసి, గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఇంకోవైపు ఏరతారు. ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. కూలి పని జరిగిన మేరకే. మిషన్ ఆగిన రోజు కూలి లేదు. జీడిసొన చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ళ తరబడి పిక్కలు పట్టుకున్న చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. ఈ వివరానికి ఇక్కడేం సంబంధమని అనుకోవచ్చు. అప్పట్లో సాయం తల్లి ఖాతాలో పడేది, దాన్ని ఊళ్ళోనే తీసుకోవాలంటే వేలిముద్ర కావాల్సి వచ్చేది. ఏ తల్లి చేతి కూలితో పిల్ల చదివేదో, ఆ తల్లి వేళ్ళనే యంత్రం గుర్తుపట్టక తిప్పి పంపేది.

వీటన్నిటి పైన కిడ్నీ జబ్బు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని ఈ జబ్బుతో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్ళాల్సిన రోగులు ఊరూరా ఉన్నారు. పలాస, సోంపేట, టెక్కలి, కవిటి, హరిపురం కేంద్రాల్లో డయాలసిస్ ఉచితమే. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10,000 పింఛను కూడా వస్తోంది. కాని లాక్‌డౌన్‌లో బస్సులు, రైళ్ళు లేవు. ఆటోకో కారుకో పెట్టిన ఖర్చంతా ఆ పింఛనులోంచే పోయింది. అలాంటి ఇంట్లో డిగ్రీ చదివే పిల్ల ఉంటే ఆసుపత్రికి తోడు వెళ్ళేదీ, ఇంటికి వచ్చి వండేదీ, మధ్యలో ఫోనులో క్లాసు వినేదీ ఆమే. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి 4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 శాతం దాకా. ఆన్‌లైన్ చదువు భారమంతా ఈ పునాది మీదే మోపారు.

తేదీలు చెప్పే సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో ఆ కాలంలో కళాశాల విద్యార్థికి రెండు ప్రధాన పథకాలు. ఫీజు కోసం జగనన్న విద్యాదీవెన, భోజన వసతి ఖర్చులకు జగనన్న వసతి దీవెన. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటుకు మొదటిది కొనసాగింపు. వసతి దీవెన కింద ఏడాదికి ఐటీఐ విద్యార్థికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆ పైన 20,000. రెండు విడతల్లో తల్లి ఖాతాకు ఇచ్చేవారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి అన్నవి షరతులు.

విద్యాదీవెన విషయంలో ప్రభుత్వం చేసిన మంచి పని ఒకటి చెప్పి తీరాలి. 2020 ఏప్రిల్ 28న, లాక్‌డౌన్ నడిమధ్యలో, పాత బకాయిలతో కలిపి 4,000 కోట్ల రూపాయలకు పైగా విడుదల చేసింది. తల్లిదండ్రుల దగ్గర ముందే ఫీజు వసూలు చేసిన కళాశాలలు దాన్ని తిరిగి ఇవ్వాలని ఆదేశించింది. ఆ డబ్బు వెనక్కి వచ్చిన ఇంటికి అదే అత్యవసర సాయం. ఉద్దేశించి చేసినా చేయకపోయినా, సరైన వేళకు పడిన అడుగు అది.

వసతి దీవెన కథ వేరు. మొదటి విడత 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో విడుదలైంది. నెల తిరగగానే హాస్టళ్ళు మూతపడ్డాయి. తర్వాతి విడుదల 2021 ఏప్రిల్ 28న. ఆనాడు 10.89 లక్షల మందికి 1,048 కోట్లు వేశారు. మధ్యలో పద్నాలుగు నెలలు. తండ్రి వెరావల్ నుంచి వట్టి చేతులతో వచ్చింది, జీడి మిషన్లు ఆగింది, ఆన్‌లైన్ క్లాసు కోసం ఫోను కొనాల్సి వచ్చింది, 2020 నవంబరులో కళాశాలలు దశలవారీగా తెరిచి మళ్ళీ గది అద్దెకు అడ్వాన్సు కట్టాల్సి వచ్చింది, అన్నీ ఆ పద్నాలుగు నెలల్లోనే. హాస్టలు మూసి ఉంటే వసతి ఖర్చు ఎందుకన్న వాదన ఉంది. పిల్ల ఇంట్లో ఉన్నా తింటుంది. పైగా హాస్టల్లో వైఫై ఉండేది, ఇంట్లో డేటా కొనాలి. ఖర్చు రూపం మారిందే గాని పోలేదు. ఆ మారిన రూపాన్ని చూడగల నిబంధన పథకంలో లేదు.

ఇంతలోనే 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల్లో పీజీ చేసేవారిని రెండు పథకాల నుంచీ తప్పించింది. ఉద్దానంలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయి పీజీకి వెళ్ళాలంటే ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, సీట్లు పరిమితం. అక్కడ సీటు రాని పిల్లకు దగ్గరి ప్రైవేటు కళాశాలే దారి. ఆపదకాలంలో సాయం పెంచకపోగా ఒక వర్గానికి ఉన్నది తీసేయడం, నా దృష్టిలో, ఆ ఏడాది విద్యార్థుల విషయంలో జరిగిన అతి పెద్ద తప్పిదం.

డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్న వాదం కూడా అప్పుడే రేగింది. 2021 ఏప్రిల్ నుంచి విద్యాదీవెన తల్లుల ఖాతాల్లో వేశారు. ఆ డబ్బు కళాశాలకే చేరాలని ప్రైవేటు యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్ళాయి. తల్లా, కళాశాలా అని రెండేళ్ళు వాదించుకున్నాం. విద్యార్థి అన్న మూడో పేరు ఎవరి నోటా రాలేదు. పద్దెనిమిదేళ్ళు నిండి ఓటు వేయగలిగిన మనిషికి తన తిండికీ ఫోనుకూ కావలసిన డబ్బు తన పేరున తీసుకునే హక్కు లేకపోవడం నాకు సమ్మతంగా లేదు.

పద్దెనిమిది దగ్గర గీసిన గీత

రెండో వేవ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు రాష్ట్రం 10 లక్షల డిపాజిట్ ప్రకటించింది. కేంద్రం 2021 మే 29న పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ ప్రకటించింది. రెండూ పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకే. డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయికి పందొమ్మిది. తమ్ముడికి వర్తించిన పథకం ఆమెకు వర్తించదు. తమ్ముణ్ణి చూసుకోవలసింది మాత్రం ఆమే. ఏఐసీటీఈ స్వనాథ్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అది దేశం మొత్తానికి 2,000 మందికి, అదీ సాంకేతిక కోర్సులకే. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే పిల్లకు దారి ఉంది, పక్క వీధిలో బీఎస్సీ చదివే పిల్లకు లేదు. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత కొవిడ్ మృతుల కుటుంబాలకు వచ్చిన 50,000 అందరికీ వర్తించింది. అది మరణానికి పరిహారం, చదువుకు కాదు.

ఈ తీరం మళ్ళీ తుఫాను చూస్తుంది. ఇంకో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని పెద్ద పథకం అడగడం లేదు. విపత్తు సహాయ నిబంధనల్లో పడవ, వల, పశువుల సరసన కళాశాల విద్యార్థికి ఒక పద్దు చేర్చాలి. కలెక్టరు విపత్తు ప్రకటించిన మండలంలో నివాసం ఉండి, కళాశాల రోల్‌లో పేరు ఉంటే చాలు. కొత్త ఆదాయ ధ్రువపత్రం, హాజరు శాతం, వేలిముద్ర అడగకూడదు. పదిహేను రోజుల్లో డబ్బు విద్యార్థి సొంత ఖాతాలో పడాలి. పరిశీలన తర్వాత చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి పలాసకు సొంత రెవెన్యూ డివిజన్ ఉంది, గ్రామ సచివాలయాల్లో ఇంటింటి వివరాలున్నాయి, కళాశాలల దగ్గర రోల్ ఉంది. కావలసిన సమాచారమంతా ఉంది, లేనిది ఆ ఒక్క పద్దే. దాన్ని తుఫాను రాకముందే, పద్దు రాసే తీరిక ఉన్నప్పుడే రాయమని జిల్లా యంత్రాంగాన్నీ, అంబేద్కర్ విశ్వవిద్యాలయ పాలకమండలినీ కోరుతున్నాను.