నక్షె జహాను మైదానము

రాజు కట్టించిన మైదానమును జూడబోవువారు సాధారణముగా రాజునే తలంచుకొని తిరిగివత్తురు. పారసీక దేశమున ఇస్ఫహాను నగరమందలి నక్షె జహాను మైదానమును జూచినప్పుడు మాకు రాజుకంటె బనివాడే యెక్కువగా గానవచ్చెను. ఆ సంగతినే చదువరులకు విన్నవింప దలంచితిమి.

సఫవీ వంశజుడగు మొదటి షా అబ్బాసు 1588లో సింహాసన మెక్కెను. 1598 ప్రాంతమున రాజధానిని కజ్వీను నుండి ఇస్ఫహానునకు మార్చి, యీ మైదానమును దీర్పించెను. దీని పొడవు సుమారు 560 మీటర్లు, వెడల్పు 160 మీటర్లు. నక్షె జహాను అనగా లోకచిత్రమని యర్థము. పడమట ఆలీ కాపూ యను రాజసౌధము, తూర్పున షేకు లుత్ఫుల్లా మసీదు, దక్షిణమున షా మసీదు, ఉత్తరమున బెద్ద బజారునకు దారితీయు కైసరియా ద్వారము. షా మసీదు ద్వారము మైదానమునకు దిన్నగా నెదురై యున్నను, లోపలి కట్టడము మక్కా దిక్కునకై నైరృతికి మరలినది. నడుమ రాజకుమారులు గుఱ్ఱములెక్కి చెండాడెడివారు. ఆ యాటకై నిలిపిన రాతికంబములు రెండు కొనలయందును గలవు. చుట్టును రెండంతస్తుల వరుసలలో నంగళ్లు. అధికారము, మతము, వర్తకము ఒకే ముంగిట నెదురెదురుగా నిలుచుట యిచ్చటి విశేషము.

ఈ మూటిలో నధికారమే ముందుగా నశించెను. 1722లో ఆఫ్ఘనులు నగరమును ముట్టడింపగా బ్రజలు కఱవున గుమిలిరి, రాజు లొంగిపోయెను. కజారు ప్రభువుల కాలమున రాజధాని టెహరానునకు బోయెను. ఇరువదవ శతాబ్దమున దేశమందు రాచఱికమే యంతరించెను. 1979లో నీ మైదానము ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో జేరెను. రాజు పోయినను అంగడివరుస పోలేదు. దానిని నిలిపినది ఫర్మానా కాదు. పనివాని చేయి, కొనువాని కాసు.

ఆ చేతిపని యెట్టిదో కొంచెము చెప్పవలెను. మీనాకారి యనగా రాగిపాత్రకు దెల్లని పూత పూసి, కొలిమిలో గాల్చి, దానిపై జిత్రములు వ్రాసి మరల గాల్చుట. ఖాతమనగా కొయ్య, యెముక, లోహముల సన్నని పుల్లలను నక్షత్రాకారముగా గూర్చి యతికించి, యడ్డముగా బలుచని రేకులు కోసి పెట్టెలపై దాపుట. కలంకారు బట్టపై నద్దకమునకు బేరికొయ్యతో జెక్కిన యచ్చులు వాడుదురు. ఒక్కొక్క రంగున కొక్కొక్క యచ్చు.

ఈ కలంకారు మన కపరిచితము గాదు. మన బందరు కలంకారి పేరును బారసీకమే: కలము, కారి యనగా బని. గోలకొండ సుల్తానుల కాలమున బందరు రేవునుండి యద్దకపు బట్టలు పారసీకమునకు నోడలపై బోయెడివి. అచ్చటివారి యభిరుచి ననుసరించి మన పనివారు సరుగుడును బోలిన సర్వుచెట్లను, పూలతీగెలను దీర్చిరి. ఆ మైత్రి నేటికిని బట్టపై జదువవచ్చును.

మైదానమున ధర యడిగినచో నంగడివాడు మొదట "ఇది మీకు దగినది కా"దనును. అది వారి మర్యాద. నిజమని యెత్తుకొని రారాదు! ఒక యంగడిలో బక్కపక్కనే రెండు దుప్పట్లు పఱచిరి. ఒకటి చౌక, రెండవదాని వెల కొన్నిరెట్లు. ముసలి వర్తకుడు మాట లాడక రెంటిని వెనుకకు ద్రిప్పెను. మొదటిదాని వెనుక తెల్లగా నుండెను, అది యంత్రముద్ర. రెండవదానికి రంగు వెనుకకును దిగినది. అచ్చు ప్రక్క నచ్చు పడినచోట వెండ్రుకవాసి యెడ మున్నది. ఆ యెడమే మనుష్యహస్తమునకు సాక్ష్యము. మేము చిన్నదైనను రెండవ రకపు గుడ్డనే కొంటిమి.

ఈ బట్టలను పూర్వము జాయందే నది యొడ్డున నుతికెడివారు. ఇటీవల నా నది పలుమాఱు లెండిపోవుచున్నది. నీటికఱవు ఒకవంక, యంత్రపు నకళ్లు వేఱొకవంక. ఈ రెండవ పోటు మన పెడన పనివారికిని దప్పలేదు.

నకలును గొనువాడు పేదయైనచో వానిని నిందింపము. నకలును అసలని చెప్పి యమ్మువాడును, తెలిసియు వెలకై యసలును విడుచు సంపన్నుడును మాత్రము చరిత్రకు ఋణపడినవారు. అబ్బాసు మైదానమును గట్టించెను. దానిని బ్రదికించు భారము గడపకడపకును గలదు. గృహిణులారా, బట్టకొనునప్పుడు వెనుకకు ద్రిప్పి చూడుడు.